ఇప్పుడే తీయించాలా, ఉంచి కనిపెట్టుకోవాలా?

మా అక్క కూతురికి పదిహేడేళ్లు వచ్చినా పెద్దమనిషి కాలేదు. ఆదోని నుంచి కర్నూలుకు పిలుచుకొచ్చి చూపిస్తే స్కానింగులో గర్భసంచి లేదన్నారు, క్రోమోజోముల టెస్టులో 46 ఎక్స్‌వై, అంటే మామూలుగా మగవాళ్లకు ఉండే జత, అని వచ్చింది. ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీ సిండ్రోమ్, అంటే మగ హార్మోన్లకు ఒళ్లు స్పందించకపోవడం, అదీ అస్సలు స్పందించని పూర్తి రకం. కడుపులో ఉన్నవి అండాశయాలు కావు, వృషణాలు. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ మగపిల్లల స్థాయిలోనే ఉంది, కానీ ఒంట్లో దాన్ని అందుకునే రిసెప్టర్ పనిచేయదు, అందుకే అందులో కొంత ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌గా మారి పిల్ల అందరు ఆడపిల్లల్లాగే ఎదిగింది. మా అమ్మ మేనరికం వల్లే అని ఏడ్చింది. కాదమ్మా, ఆ జన్యువు ఉండేది ఎక్స్ క్రోమోజోము మీద, దానికీ మేనరికానికీ సంబంధం లేదు.

ఇప్పుడు ఇంట్లో టెన్షన్ అంతా ఆ వృషణాలు తీయించే ఆపరేషన్ గురించే. వెంటనే తీయించేస్తే వాటికి క్యాన్సర్ వస్తుందేమోనన్న భయం పోతుంది, ఏటా స్కానింగుల తిప్పలు ఉండవు. నిజమే, కానీ ఆ రోజు నుంచి సొంత హార్మోన్ ఆగిపోతుంది, ఎముకలు గుల్లబారకుండా యాభై ఏళ్ల దాకా ఈస్ట్రోజెన్ మాత్రలో ప్యాచ్‌లో వాడాల్సిందే, మధ్యలో మానేస్తే నష్టం పిల్లకే. ఉంచుకుంటే మందుల గొడవ లేదు. పూర్తి రకంలో యుక్తవయసు దాటేలోపు క్యాన్సర్ రావడం చాలా అరుదు, వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది కాబట్టి స్కానింగు మాత్రం తప్పించకూడదు, పైగా కడుపు లోపల ఉన్నవి స్కానింగులో అన్నిసార్లూ స్పష్టంగా కనబడవు. ఒళ్లు కొంత స్పందించే పాక్షిక రకమైతే ముప్పు ఎక్కువ, అక్కడ లెక్క వేరు.

నన్నడిగితే ఇప్పటికి ఉంచడమే మేలు. తర్వాతైనా తీయించొచ్చు, తీసినవి మళ్లీ పెట్టలేరు. ఆదోని నుంచి చెకప్‌లకు రాలేం అని అక్క గట్టిగా అంటే మాత్రం తీయించడమే నయమని ఒప్పుకుంటా.

యోని లోతు తక్కువ కదా, పెళ్లికి ముందే దానికీ ఆపరేషన్ చేయిద్దామంటోంది అక్క. అది నాకు అస్సలు ఇష్టం లేదు. పిల్ల తనంతట తాను కావాలనుకున్నప్పుడు డైలేటర్లతో, అంటే యోనిని కొద్దికొద్దిగా సాగదీసే సాధనాలతో, మెల్లగా సాధన చేస్తే చాలామందికి ఆపరేషన్ అవసరమే రాదు.

ఇన్ని మాట్లాడుకుంటున్నాం, ఆ పిల్లకు ఇంకా ఒక్క ముక్క చెప్పలేదు. "రక్తం తక్కువుంది" అని చెప్పి ఉంచింది అక్క. ఆదివారం నేను ఆదోని పోతున్నా, రిపోర్టులన్నీ ముందర పెట్టుకుని ముగ్గురం కూర్చుంటాం.