గుంటూరు–బెజవాడ రోడ్డు మీద ఓబీడీ స్కానర్: కొన్నేళ్ల వాడకం తర్వాత

స్టీరింగ్ కింద, మోకాలికి తగిలేంత దగ్గర్లో, పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దాన్నే ఓబీడీ అంటారు, బండి తన లోపాల్ని తానే చెప్పుకునే ఏర్పాటు. సర్వీస్ సెంటర్‌లో కుర్రాడు వచ్చి వైరు గుచ్చేది దానికే. కారు అమ్మేసే రోజు దాకా దాని వైపు చూడనివాళ్లే ఎక్కువ. ఆ సాకెట్‌కి తగిలించే బ్లూటూత్ స్కానర్ నా బండిలో కొన్నేళ్లుగా ఉంది. ఈఎల్‌ఎం327 రకం, వెయ్యి రూపాయల లోపే వచ్చింది. ఫోన్‌లో ఆప్ వేసుకుంటే ఇంజిన్ కంప్యూటర్‌కి తెలిసిన సంగతులు చాలావరకు మనకీ కనిపిస్తాయి.

నాది 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, బీఎస్4 (పొగ కాలుష్య నిబంధనల్లో నాలుగో దశ). ఇల్లు గుంటూరులో, ఉద్యోగం విజయవాడలో. రోజూ కాజ టోల్‌గేటు, మంగళగిరి, వారధి, బెంజ్ సర్కిల్. సాయంత్రం మళ్లీ అదే దారి. ఇంట్లో అందరికీ ఇదొక్కటే బండి కాబట్టి అది షెడ్డులో ఉందంటే పెళ్లిళ్లు, ఆసుపత్రి పనులు అన్నీ ఆగిపోతాయి.

ఈ పరికరం కొనమనే చెబుతాను. కాకపోతే కోడ్ (లోపానికి బండి ఇచ్చే నంబరు) చూసి ఆ పేరున్న పార్టు మార్చేద్దాం అనుకుంటే ఖర్చు తగ్గకపోగా పెరుగుతుంది. దీని అసలు ఉపయోగం బండి నడుస్తుండగా తెర మీద కదిలే అంకెలతోనే.

అది నాకు బాగా తెలిసొచ్చింది పి0171 వచ్చినప్పుడు. ఇంజిన్ లైటు వెలిగింది, పికప్ తగ్గింది. ఏసీ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కాలంటే ఈడ్చుకుంటూ పోతున్నట్టు ఉండేది. ఆ కోడ్‌కి అర్థం, మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైంది అని. ఒక షెడ్డులో నంబరు వినగానే "ఆక్సిజన్ సెన్సర్ పోయింది మేడమ్, మార్చేద్దాం" అన్నారు. దాని ఖరీదు వేలల్లో ఉంటుంది. నిజానికి ఆ సెన్సర్ పని సైలెన్సర్ గొట్టంలో కూర్చుని, బయటికి పోయే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చెప్పడం. పెట్రోలు చాలడం లేదని అది ఉన్నమాట చెబుతుంటే, దాన్ని మార్చి ఏం లాభం?

ఆప్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అని రెండు అంకెలుంటాయి, షార్ట్ టర్మ్ ఒకటి, లాంగ్ టర్మ్ ఒకటి. కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత శాతం ఎక్కువ పెట్రోలు పోస్తోందో, ఎంత తక్కువ పోస్తోందో అవి చూపిస్తాయి. రెండూ కలిపి సున్నాకి అటూ ఇటూ 5 లోపు ఉంటే దిగుల్లేదు. 10 దాటి అక్కడే ఉండిపోతే కారణం వెతకాలి. డ్రైవింగ్ చేస్తూ ఫోన్ చూడకూడదు కాబట్టి మా తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టి ఫోన్ వాడి చేతికిచ్చాను. బండి ఐడిల్‌లో, అంటే ఆగి ఇంజిన్ మాత్రం తిరుగుతూ ఉన్నప్పుడు 4, 5 దగ్గర ఆడింది. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ నెమ్మదిగా, ఒకే పట్టున తొక్కుతుంటే వాడు "పన్నెండు... పదిహేడు... ఇరవై ఒకటి అక్కా" అని చదువుతూ పోయాడు. దిగేటప్పుడు అంకె కూడా దిగింది. పూర్తిగా తొక్కిపట్టి చూస్తే మాత్రం ఉపయోగం ఉండదు, అప్పుడు కంప్యూటర్ ఆక్సిజన్ సెన్సర్ మాట వినడం మానేస్తుంది.

ఎక్కడైనా పైపు చిట్లి గాలి లోపలికి పోతుంటే ఆ తేడా మామూలుగా ఐడిల్‌లోనే ఎక్కువ తెలియాలి. ఇక్కడ ఇంజిన్ మీద బరువు పడినప్పుడే పెట్రోలు చాలడం లేదు. అంటే చూడాల్సింది పంపు వైపు.

ఆటోనగర్‌లో నేను వెళ్లే మెకానిక్ బాబాయ్‌కి ఈ సంగతి చెప్పాను. ఆయన ఫోన్ వంక ఒకసారి చూసి, "ప్రెజర్ చూద్దాం, ఆగమ్మా" అని గేజి తెచ్చి పెట్రోలు లైనుకి బిగించారు. ఐడిల్‌లో ముల్లు నిలకడగా ఉంది. రేస్ చేయగానే జారింది. వెనక సీటు ఎత్తి ట్యాంకులోంచి పంపు బయటికి తీస్తే, దాని అడుగున ఉండే జల్లెడ సంచి నల్లగా మడ్డి పట్టి ఉంది. వేలితో రాస్తే చేతికి జిగురుగా అంటుకుంది. జల్లెడ, రబ్బరు రింగు మార్చి, ట్యాంకు కడిగించారు. ఆక్సిజన్ సెన్సర్ ఇప్పటికీ పాతదే. ట్రిమ్ 3 దాటడం లేదు.

అసలు కోడే రాని లోపాలూ ఉంటాయి. ఎండాకాలంలో సిగ్నళ్ల దగ్గర ఏసీ గాలి వేడెక్కడం మొదలైంది. బండి కదిలితే మళ్లీ చల్లబడేది. ఇలా ఉంటే చాలామంది గ్యాస్ తగ్గిందనుకుని నింపించేస్తారు. నేను ఆప్‌లో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత పెట్టుకుని చూశాను. హైవే మీద 88, 90 డిగ్రీలు. వన్‌టౌన్ ట్రాఫిక్‌లో ఆగితే 98, 101, 104. డ్యాష్‌బోర్డు మీద ముల్లు మాత్రం నడిమధ్యలోంచి కదల్లేదు. చాలా కార్లలో ఆ ముల్లు చిన్న తేడాలకి కదలకుండా తయారు చేస్తారు. అది పైకి లేచిందంటే అప్పటికే పరిస్థితి చేయి దాటుతున్నట్టు. నా దృష్టిలో ఈ స్కానర్‌కి పెట్టిన డబ్బు ఈ ఒక్క అంకెతోనే వచ్చేసింది.

బండి ఆగినప్పుడు ఇంజిన్‌కీ, ఏసీకీ గాలి అందించేది రేడియేటర్ ఫ్యానే. అది సాధారణంగా 95 డిగ్రీల చుట్టుపక్కల తిరగడం మొదలుపెట్టాలి, ఏసీ వేస్తే దాదాపు వెంటనే తిరగాలి. బానెట్ ఎత్తి ఏసీ వేశాను, ఫ్యాన్ కదల్లేదు. ఫ్యూజు బాగానే ఉంది. ఫ్యాన్ రిలే (దానికి కరెంటు కలిపే స్విచ్చు) తీసి, అదే నంబరున్న పక్క రిలేని దాని చోట పెడితే టిక్కుమన్న చప్పుడు వచ్చింది, ఫ్యాన్ మాత్రం రాలేదు. మోటారు సాకెట్‌లో మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు పైనే ఉంది. కరెంటు అక్కడిదాకా వచ్చి ఫ్యాన్ తిరగడం లేదంటే మోటారే పోయిందన్నమాట. విప్పితే లోపల కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉన్నాయి. మోటారు మార్చాక ఏసీ కూడా సర్దుకుంది, గ్యాస్ జోలికి పోవాల్సిన పని పడలేదు.

ఇది ఇంట్లో చూసుకునేవాళ్లు రెండు జాగ్రత్తలు తీసుకోండి. ఆ ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది, చున్నీ, జడ, చేతులు దూరంగా ఉంచండి. ఇంజిన్ వేడి మీద ఉండగా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి ఉన్నందువల్లే 100 దాటినా నీళ్లు మరగకుండా ఆగుతాయి. మూత వదులు చేయగానే ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి. కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పోసే అలవాటు మన వైపు బాగా ఉంది. ఉప్పు నీళ్లతో రేడియేటర్ గొట్టాల్లో గార కట్టేస్తుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలుపుకోండి.

కోడ్ సూటిగా దారి చూపించిన సందర్భం కూడా ఉంది. వానాకాలంలో బండి మిస్ కొడుతూ ఊగడం మొదలుపెట్టింది. పి0303, అంటే మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్, పెట్రోలు సరిగ్గా మండటం లేదని. ఇక్కడా కోడ్ సిలిండర్‌ని చెప్పింది గానీ ప్లగ్గుకి కరెంటు పంపే కాయిలా, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరా అన్నది చెప్పలేదు. అది తేల్చడానికి పైసా ఖర్చు లేదు. ఇంజిన్ ఆపి, మూడో సిలిండర్ కాయిల్‌ని ఒకటో దాంట్లో, ఒకటో దాన్ని మూడో దాంట్లో పెట్టాలి. కోడ్ చెరిపేసి కాసేపు నడపాలి. ఈసారి పి0301 వస్తే లోపం కాయిల్‌తో పాటు కదిలినట్టు. నాకు అదే వచ్చింది, ఒక్క కాయిల్‌తో పని అయిపోయింది. నాలుగూ మార్చాలన్న సలహా వినాల్సిన పని లేకపోయింది. కోడ్ మూడు దగ్గరే ఉండిపోతే ప్లగ్గులు అటూ ఇటూ మార్చి చూడాలి, ఆ తర్వాతే ఇంజెక్టర్. ఇంజిన్ లైటు వెలుగుతూ ఉండటం వేరు, మినుకు మినుకుమనడం వేరు. రెండోది వస్తే ఆఫీసు సంగతి పక్కన పెట్టి బండి ఆపేయండి. కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని (పొగని శుభ్రం చేసే పార్టు) మాడ్చేస్తుంది. అది కాయిల్‌కి చాలా రెట్ల ఖర్చు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, సరిగ్గా అలాంటి మధ్యాహ్నం గుంటూరులో నా ఫోన్‌లో ఇంజిన్‌లోకి పోయే గాలి ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలు చూపించింది. సెన్సర్ నుంచి వచ్చే తీగ ఎక్కడో తెగితే చాలా బండ్లలో కనిపించే అంకె ఇదే. సాకెట్ నుంచి జానెడు దూరంలో తీగ చుట్టూ ఉన్న గొట్టం కొరికేసి ఉంది, పక్కనే ఎలుక పెంటికలు. రాగి పోగులు రెండు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. ఇలాంటి చోట తీగలు మెలిపెట్టి టేపు చుట్టించుకోకండి. ఇంజిన్ వేడికి టేపు జిగురు కరిగి ఊడిపోతుంది, వానాకాలం వచ్చేసరికి మళ్లీ అదే లోపం. సోల్డరింగ్ చేసి, హీట్ ష్రింక్ గొట్టం వేయమని అడగండి.

బ్యాటరీ విషయంలో ఈ స్కానర్ చెప్పే వోల్టేజీని నేను సగమే నమ్ముతాను. నాది మల్టీమీటర్ కంటే 0.2, 0.3 తక్కువ చూపిస్తుంది. ఆ తేడా ఎంతో ఒకసారి పోల్చి తెలుసుకుంటే ఇబ్బంది లేదు. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే 12.6 ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగానికి వచ్చినట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ అయిపోవచ్చిందని అర్థం. ఇంజిన్ నడుస్తుండగా 13.8, 14.5 మధ్య ఉంటే డైనమో సరిగ్గానే ఉంది. కొత్త మోడళ్లలో స్మార్ట్ ఛార్జింగ్ ఉంటే ఇంకా కిందికి దిగుతుంది, అది లోపం కాదు. ఇవేవీ చూడకముందే టెర్మినళ్లు చూడండి. తెల్లగా, పచ్చగా బూజు పట్టి ఉంటే వంటసోడా కలిపిన వేడి నీళ్లతో కడిగి, ఆరాక వాజలిన్ పూయండి. సగం బండ్లు అక్కడే బాగుపడతాయని నా నమ్మకం. మన ఎండలకి బ్యాటరీలు తొందరగా పోవడం మామూలే, మూడో ఏడు దాటిందంటే దాని మీద ఓ కన్నేసి ఉంచాలి.

దీనికి తెలియనివి చాలా ఉన్నాయి. బ్రేకులు అరిగినా, సస్పెన్షన్ బుష్‌లు పోయి గతుకుల్లో టకటకమన్నా, వీల్ బేరింగ్ గుయ్యిమన్నా ఇది ఏమీ చెప్పదు. వాటికి చెవి, జాకీ, మంచి మెకానిక్ ఉండాలి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే ఈ ధరలో దొరికే పరికరాలు చాలావరకు వాటిని చదవలేవు. ఇక వరద సంగతి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్ వైపు ఇళ్ల ముందున్న కార్లు మునిగినప్పుడు, మా బంధువులు ఫోన్ చేసి స్కానర్ తెమ్మన్నారు. అలాంటప్పుడు చేయాల్సిన మొదటి పని తాళం తిప్పకుండా ఉండటం. సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉంటే, నీళ్లు గాలిలా నలగవు కాబట్టి సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేసి, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పి, బండిని లాగించుకు పోవడమే దారి. వాళ్లకీ అదే చెప్పాను.

పరికరంలో నాకు నచ్చనివి కూడా చెప్పాలి. ఆ సాకెట్‌లో 16వ పిన్నుకి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, తాళం తీసినా స్కానర్ కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది. సెలవులకి ఊరెళ్తూ దాన్ని అలాగే వదిలేస్తే, పాత బ్యాటరీ ఉన్న బండి తిరిగొచ్చేసరికి స్టార్ట్ కాకపోవచ్చు. పైగా చౌక రకాల్లో బ్లూటూత్ పాస్‌వర్డ్ 1234 లేదా 0000, అది మార్చుకోవడానికి కూడా ఉండదు. పని అయ్యాక పీకి డ్యాష్‌బోర్డు అరలో పడేయడం నా పద్ధతి. ఎక్కువ అంకెలు ఒకేసారి చూడబోతే నత్తనడక నడుస్తుంది, మూడు నాలుగు మించి పెట్టుకోకపోవడం మేలు.

ఇంకోటి, షెడ్డుకి వెళ్లేముందు కోడ్‌నీ, దానితోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్‌నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. లోపం వచ్చిన క్షణంలో బండి వేగం, ఇంజిన్ వేడి ఎంతెంత ఉన్నాయో అందులో దాచి ఉంటుంది. మెకానిక్ ముందే కోడ్ చెరిపినా, బ్యాటరీ వైరు పీకినా అది పోతుంది. ఆటోనగర్ బాబాయ్ ఇప్పుడు నా బండి కనిపిస్తే ముందు "ఫోటో తీశావా అమ్మా?" అని అడుగుతున్నారు.

కొనేముందు రెండు చూసుకోండి. ఐఫోన్ ఉంటే పాత బ్లూటూత్ రకం కలవదు, ‘బ్లూటూత్ లో-ఎనర్జీ’ (బీఎల్‌ఈ) అని గానీ వైఫై అని గానీ ఉన్నది తీసుకోవాలి. 2017 ఏప్రిల్‌లో బీఎస్4 దేశమంతా వచ్చాక తయారైన పెట్రోలు, డీజిల్ కార్లతో పెద్దగా పేచీ ఉండదు. అంతకుముందు బండ్లలో సాకెట్ ఉన్నా కొన్ని సరిగ్గా మాట్లాడవు, కాబట్టి వెనక్కి తీసుకునే షరతు ఉన్నచోటే కొనండి.