మంచుకొక మోకాలు, కెమెరాకొక మోకాలు: మోటో నీ, వెర్సా ఫుట్ సమీక్ష

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో బయోడాప్ట్ అనే చిన్న సంస్థ తయారుచేసే మోటో నీ, వెర్సా ఫుట్ అనే రెండు పరికరాలూ రోజంతా తొడుక్కుని తిరగడానికి ఉద్దేశించినవి కావు. కొనాలనుకునేవారు మొట్టమొదట తెలుసుకోవలసిన సంగతి ఇదే. మోకాలి పైవరకు కాలు తీసేసినవారికి మొదటిది మోకాలుగానూ, మోకాలి కింద తీసేసినవారికి రెండోది చీలమండ, పాదంగానూ పనిచేస్తాయి. పైవరకు తీసేసినవారు రెండింటినీ కలిపి కూడా వాడుకుంటారు. మోటోక్రాస్ (మట్టి దారుల్లో మోటార్‌సైకిల్ పందెం), స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి), స్నోబోర్డు (రెండు పాదాలూ ఒకే పలకకు బిగించి మంచువాలు మీద జారడం) వంటి ఒళ్లు హూనమయ్యే ఆటల కోసమే వీటిని రూపొందించారు. నేను కొలరాడోలో కృత్రిమ అవయవాలు అమర్చే ఒక క్లినిక్‌లో టెక్నీషియన్‌ని. మిగిలిన కాలు దూరే తొడుగులను, అంటే సాకెట్లను పోత పోయడం, వాటిని కింది భాగాలతో కలిపే అడాప్టర్లు బిగించడం నా వృత్తి కాబట్టి, ఈ సమీక్షలో బిగించేవాడి చూపు కాస్త ఎక్కువగానే కనిపిస్తుంది.

ఈ పరికరాలను ఇంత దగ్గరగా చూసే అవకాశం మా దగ్గరికి వచ్చే ఒక యువకుడి వల్ల కలిగింది. అతనికి ఎడమకాలు మోకాలి పైన పోయింది. చలికాలమంతా స్నోబోర్డు పోటీలకు వెళ్తాడు, మిగతా కాలమంతా వాణిజ్య ప్రకటనల్లోనూ చిన్న చిత్రాల్లోనూ వేషాల కోసం ఆడిషన్లకు తిరుగుతాడు. ఈ రెండింటితోనే బతకాలన్నది అతని పట్టుదల. అటువంటి మనిషికి ఈ పరికరాలు ఎంతవరకు అక్కరకొస్తాయన్నదే ఇక్కడ నేను తేల్చదలచుకున్నది.

ముందుగా తయారీదారు గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ మోకాలి గుణమంతా ఆయన కథలోనే ఉంది. మైక్ షుల్ట్జ్ స్నోమొబైల్ పందేల్లో పేరున్న ఆటగాడు. 2008 డిసెంబరులో మిషిగన్‌లోని ఐరన్‌వుడ్‌లో జరిగిన పందెంలో బండి మీద నుంచి పడి ఎడమ మోకాలు నుజ్జయింది. కాలు తీసేయక తప్పలేదు. నడక కోసం ఇచ్చిన మోకాలుతో మళ్లీ పందేలకు వెళ్లడం కుదరదని తెలిశాక ఆయన తన సొంత గ్యారేజీలోనే పని మొదలుపెట్టి, సాహస క్రీడల పోటీలైన 2009 వేసవి ఎక్స్ గేమ్స్‌లో తాను చేసుకున్న మోకాలుతో మోటార్‌సైకిల్ ఎక్కి, వికలాంగుల విభాగంలో రజతం గెలుచుకున్నారు. సంస్థ ఆ తర్వాత 2010లో వచ్చింది. ఇంజనీరింగ్ పట్టా లేని మనిషి, తన కాలి మీద తానే ప్రయోగం చేసుకుంటూ తయారుచేసిన వస్తువు ఇది. విప్పి చూస్తే ఆ మెకానిక్ బుద్ధి ప్రతి బోల్టులోనూ తెలుస్తుంది.

మామూలు కృత్రిమ మోకాలు నడక లెక్కల మీద తయారవుతుంది. అడుగు వేసేటప్పుడు మోకాలి కింది భాగం ఎంత వేగంగా ముందుకు ఊగాలి, బరువు పడినప్పుడు మోకాలు కుప్పకూలకుండా ఎలా నిలవాలి అన్నవే దాని చింతలు. కంప్యూటర్ చిప్పు అమర్చిన ఖరీదైన మోకాళ్లలో కూడా ఎక్కువ భాగం బరువు పడితే నెమ్మదిగా వంగుతాయే తప్ప, వంగిన చోటు నుంచి మనిషిని తిరిగి పైకి లేపవు. స్నోబోర్డు మీద నిలిచినవాడు మోకాళ్లు సగం వంచే ఉంచాలి. మంచు దిబ్బ ఎదురైనప్పుడు ఇంకా వంగాలి, దాటగానే సాగాలి. ఆ పనిని మనిషి కాలిలో తొడ ముందు కండరాలు చేస్తాయి. మోటో నీలో ఆ కండరాల స్థానంలో ఫాక్స్ సంస్థవారు మౌంటెన్ బైకుల కోసం చేసే షాక్ అబ్జార్బర్‌ను అమర్చారు. మోకాలు వంగేకొద్దీ లోపలి గాలి నొక్కుకుపోయి కాలిని తిరిగి చాచడానికి బలాన్నిస్తుంది, నూనె సన్నని రంధ్రాల గుండా పారుతూ ఆ కదలిక వేగాన్ని అదుపు చేస్తుంది. బ్యాటరీ లేదు కాబట్టి ఛార్జింగ్ గొడవ లేదు, నీళ్లలో తడిసినా గుండె దడ లేదు.

ఈ మోకాలికి గాలి కొట్టుకోవడం చూడవలసిన దృశ్యం. మా యువకుడు బల్ల మీద కూర్చుని, చిన్న చేతిపంపును వాల్వుకు బిగించి, ముల్లు చూస్తూ గాలి కొడతాడు. లేచి గోడ పట్టుకుని గుంజీలు తీసినట్టు వంగి లేస్తాడు. మళ్లీ కూర్చుని బుస్సుమని కాస్త వదులుతాడు. వంగిన మోకాలు ఎంత వేగంగా తిరిగి సాగాలో ఎర్రటి నాబ్‌ను ఒక్కొక్క మెట్టు తిప్పుతూ సరిచూసుకుంటాడు. ఆ వేగం ఎక్కువైతే దిబ్బ దాటగానే కాలు మనిషిని విసిరేస్తుంది. తక్కువైతే రెండో దిబ్బ వచ్చేసరికి మోకాలు ఇంకా వంగే ఉంటుంది. ఈ సవరణలకు మా దగ్గరికి రానవసరం లేకపోవడం నాకు ఈ పరికరంలో అన్నిటికన్నా నచ్చిన అంశం. కొత్తవారు ఒక్కటి గమనించాలి: 20 డిగ్రీల వెచ్చని గదిలో నింపిన గాలి మైనస్ 15 డిగ్రీల చలిలో సుమారు 12 శాతం ఒత్తిడి కోల్పోతుంది. కొండ ఎక్కాక, బయట కాసేపు ఉన్న తర్వాతే చివరి కొలత చూసుకోవాలి.

పోటీల్లో దీని సత్తా ఏమిటో 2018 ప్యాంగ్‌చాంగ్ పారాలింపిక్స్‌లో లోకానికి తెలిసింది. దిబ్బలూ మలుపులూ ఉన్న దారిలో సాగే స్నోబోర్డు క్రాస్‌లో షుల్ట్జ్ స్వర్ణం గెలిచారు. వాలు కట్టిన మలుపుల గుండా సాగే బ్యాంక్డ్ స్లాలమ్‌లో మాత్రం ఆయనకు రజతమే దక్కింది. స్వర్ణం గెలిచిన నోవా ఇలియట్ ఆయన తయారుచేసిన మోకాలే వేసుకుని ఆయనను ఓడించాడు. ఒక వస్తువుకు ఇంతకన్నా మంచి ప్రకటన ఎవరు రాయగలరు?

వెర్సా ఫుట్ విలువ తెలియాలంటే అది లేని రోజులను తలచుకోవాలి. లాస్ వేగాస్‌కు చెందిన ఏమీ పర్డీ 19 ఏళ్ల వయసులో మెనింజైటిస్ సోకి, రెండు కాళ్లనూ మోకాళ్ల కింద పోగొట్టుకున్నారు. మళ్లీ స్నోబోర్డు ఎక్కిన తొలి రోజుల్లో ఒకసారి ఆమె పడిపోతే, బోర్డుకు బిగించిన కృత్రిమ కాళ్లు ఊడి, బోర్డుతో సహా కొండ కిందికి జారిపోయాయట. ఆమె మాత్రం పైనే మిగిలారు. చీలమండ వంగని పాదంతో బోర్డును మలుపు తిప్పడం కష్టమని గ్రహించి, కృత్రిమ కాళ్లు చేసే నిపుణుడితో కలిసి తుప్పు పట్టిన బోల్టులు, రబ్బరు, చెక్క, గులాబీ రంగు టేపుతో పాదాలు కట్టుకున్నానని ఆమే ఒక ప్రసంగంలో చెప్పారు. వెర్సా ఫుట్ చేసేది సరిగ్గా ఆ పనినే, కాకపోతే కొలతతో, తిరిగి సవరించుకునే వీలుతో. మోకాలి కింది భాగం ముందుకు వాలినప్పుడు చీలమండ వద్ద ఉన్న షాక్ అబ్జార్బర్ నొక్కుకుని, బరువును బోర్డుకు మునివేళ్ల వైపున్న అంచుకు చేరుస్తుంది. కార్బన్ ఫైబర్‌తో చేసిన మంచి పాదం నడకలో చక్కగా ఎగదన్నుతుంది గాని, బిగుతైన బూటులో మనిషిని వెనక్కి తోసేస్తుంది. మంచు మీద అది పనికిరాదు.

ఇక కెమెరా సంగతి. ఆడిషన్‌లో గది ఈ మూల నుంచి ఆ మూలకు సహజంగా నడవాలి, కుర్చీలో కూర్చుని తడబడకుండా లేవాలి. ఆ పనికి మోటో నీ సరికాదు. ప్యాంటు కింద దాని లావు దాగదు, నడక ఒరవడి దానికి అబ్బదు. మా యువకుడు అందుకోసం చిప్పున్న మరో మోకాలు, పైన నురుగు తొడుగు వాడుతున్నాడు. ఇది పరికరం లోపమని నేను అనను. నాకు తెలిసినంతలో రంగస్థలాన్నీ ఆటనూ కలిపి నడిపినవారెవరూ ఒకే జత కాళ్లతో నెట్టుకురాలేదు. పర్డీనే చూడండి: 2005లో ఒక స్వతంత్ర చిత్రంలో నటించారు, 2014 సోచీ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు, ఆ ఏడాదే టెలివిజన్ నృత్యపోటీలో నృత్యాన్ని బట్టి పాదాలు మార్చుకుంటూ రెండో స్థానం దాకా వెళ్లారు, 2016 రియో పారాలింపిక్స్ ప్రారంభోత్సవంలో పరుగు బ్లేడ్లతో రోబో చేతితో కలిసి ఆడారు. 1996 అట్లాంటా పారాలింపిక్స్‌లో కృత్రిమ కాళ్లతో పరుగెత్తి, తర్వాత నటి అయిన ఏమీ మల్లిన్స్ తనకు 12 జతల కాళ్లున్నాయని చెప్పుకున్నారు. మనకు బాగా తెలిసిన సుధాచంద్రన్ మాత్రం వేరే దారి: జైపూర్ పాదంతోనే భరతనాట్యం చేసి, తన కథతో తీసిన తెలుగు ‘మయూరి’లో తానే నాయికగా నటించారు. చెప్పులు లేకుండా నేల మీద నిలబడటానికి, బాసిపట్టు వేసుకుని కూర్చోవడానికి ఆ రబ్బరు పాదం అనువైనంతగా ఈ అమెరికా సరుకేదీ అనువు కాదని వృత్తిపరంగానే ఒప్పుకుంటాను.

మోకాలు మార్చేటప్పుడు అందరూ తడబడే చోటు ఒకటుంది. సాకెట్‌ను మోకాలితో కలిపే, సాకెట్ అడుగున ఉండే పిరమిడ్ అడాప్టర్‌ను నాలుగు స్క్రూలు పట్టి ఉంచుతాయి. నాలుగూ వదులు చేస్తే నెలల తరబడి కుదిర్చిన అమరిక చెదిరిపోతుంది. పక్కపక్కనున్న రెండింటిని మాత్రమే వదులు చేసి, మళ్లీ బిగింపును కొలిచే టార్క్ రెంచితో బిగించాలి. ఆటకు వేరే సాకెట్ చేయించుకోగలిగితే ఈ ఇబ్బందే ఉండదు, ఖర్చు మాత్రం పెరుగుతుంది.

ఖర్చు దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఇది వేల డాలర్ల వ్యవహారం, పైగా ఆటల కోసం వేరే కాలు వైద్యపరంగా అవసరం కాదంటూ అమెరికా బీమా సంస్థలు సాధారణంగా చేతులెత్తేస్తాయి. ఈ వైఖరిని మార్చేందుకు మెయిన్, కొలరాడో వంటి కొన్ని రాష్ట్రాలు ఇటీవలి సంవత్సరాల్లో చట్టాలు చేశాయి. అవి వర్తించనివారు వికలాంగ క్రీడాకారులకు తోడ్పడే చాలెంజ్డ్ అథ్లెట్స్ ఫౌండేషన్ ఇచ్చే ఆర్థిక సహాయానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

మోకాలి పైన కాలు పోయి, మంచు మీదా మట్టి మీదా గట్టిగా పోటీపడాలనుకునేవారికి, నడకకు మంచి కాలు ఇప్పటికే ఉన్నవారికి మోటో నీని నిస్సంకోచంగా సూచిస్తాను. మొదటి కాలే ఇంకా సరిగా కుదరనివారు ఆ డబ్బును సాకెట్ మీద పెట్టడం మేలు. సాకెట్ ఒరుసుకుంటుంటే కింద ఏ మోకాలు పెట్టినా పుండ్లే మిగులుతాయి. హైదరాబాద్, విజయవాడల నుంచి తెప్పించుకోవాలనుకునేవారు ఆర్డరు పెట్టే ముందే రెండు ఏర్పాట్లు చూసుకోవాలి: అమరిక కుదిర్చే అనుభవజ్ఞుడైన ప్రాస్థెటిస్టు (కృత్రిమ అవయవాలు అమర్చే నిపుణుడు) ఒకరు, షాక్ అబ్జార్బర్ సీళ్లు మార్చి సర్వీసు చేయగల మంచి సైకిల్ మెకానిక్ ఒకరు.