డెట్రాయిట్‌లో పాత కాన్సెప్ట్ పికప్‌ల వేట: బోర్డును నమ్మొద్దు, బండిని చూడండి

డెట్రాయిట్ శివార్లలోని ఓ చిన్న కార్ల షోలో, బంగారు రంగు బండి ముందు ‘1967 డాడ్జ్ కంపెనీ కాన్సెప్ట్ ట్రక్ డియోరా’ అని బోర్డు పెట్టారు. ప్రవేశం 20 డాలర్లు. బోర్డు తప్పు, బండి కూడా అసలుది కాదు.

కాన్సెప్ట్ ట్రక్ అంటే కంపెనీ ప్రదర్శన కోసం చేసే నమూనా బండి. డియోరాను కంపెనీ కట్టలేదు. 1965 డాడ్జ్ ఏ100 పికప్‌ను కోసి, అలెగ్జాండర్ సోదరులు మైక్, లారీ డెట్రాయిట్‌లోనే తయారుచేశారు. డిజైన్ హారీ బెంట్లీ బ్రాడ్లీది. 1967లో డెట్రాయిట్ ఆటోరామా అనే సొంతంగా మార్చిన బండ్ల ప్రదర్శనలో, అక్కడి పెద్ద బహుమతి రిడ్లర్ అవార్డు గెలిచింది. తర్వాత డాడ్జ్ మాతృసంస్థ క్రైస్లర్ దాన్ని అద్దెకు తీసుకుని తన షోల్లో తిప్పింది. ‘కంపెనీ ట్రక్’ అనే పేరు అలా అంటుకుంది.

గుర్తుపట్టడానికి ముందు తలుపులు చూడండి. డియోరాకు పక్క తలుపులుండవు. ముందు అద్దం పైకి లేస్తుంది, దాని కింది పలక తెరుచుకుంటుంది, ఎక్కేది అక్కడినుంచే. ఆ అద్దం 1960 ఫోర్డ్ స్టేషన్ వ్యాగన్ వెనక భాగానిది. పక్కన ఎగ్జాస్ట్ చుట్టూ ఉన్న అంచులు 1964 మస్టాంగ్‌వి. తర్వాత తొట్టి మూత ఎత్తమని అడగండి. మామూలు ఏ100లో ఇంజిన్ సీట్ల మధ్య పెట్టెలో కూర్చుంటుంది. డియోరాలో స్లాంట్ సిక్స్‌ను (పక్కకు వాలి ఉండే ఆరు సిలిండర్ల ఇంజిన్) 15 అంగుళాలు వెనక్కి జరిపి, రేడియేటర్‌ను తొట్టిలోకి మార్చారు. తొట్టి ఖాళీగా ఉంటే అది నకలే. మూత ఎత్తడానికి యజమాని నసిగితే ఇక అడగక్కర్లేదు!

పైన సర్ఫ్‌బోర్డులు కనిపిస్తే నకలని తేల్చడం ఇంకా సులువు. అవి 1968 హాట్ వీల్స్ బొమ్మ కారు నుంచి వచ్చిన అలవాటు. పూర్తి సైజులో 2003లో వచ్చిన డియోరా 2 వేరే బండి.

మిగతా షో ట్రక్కులకు పక్క దీపాలు ఒక ఆధారం. 1968 జనవరి 1 నుంచి అమెరికాలో కొత్త బండ్లకు పక్కన దీపాలో రిఫ్లెక్టర్లో తప్పనిసరి అయ్యాయి. ఉంటే, మూల బండి బహుశా 1968 మోడల్ లేదా ఆ తర్వాతిది. లేకపోతే మాత్రం ఏమీ తేలదు, షో బండ్లలో వాటిని పీకేయడం మామూలే. షెవ్రొలే అయితే వెనక అద్దం కూడా చూడాలి: చిన్న అద్దం 1967 మోడల్లో కనిపిస్తుంది, పెద్దదైతే సంవత్సరం తేలదు.

బస గురించి చెప్పకుండా ఉండలేను. రాత్రికి 149 డాలర్లన్న లాడ్జి, ఖాళీ చేసేటప్పుడు పార్కింగ్‌కు 35, ‘సౌకర్యాల రుసుము’ పేరుతో 25 కలిపింది. సౌకర్యమంటే చల్లారిన కాఫీ. తోడొచ్చినవాళ్లు డెట్రాయిట్ శివారు కాంటన్‌లో తెలుగు భోజనం దొరికేదాకా మాట్లాడలేదు. ఈసారి బస కాంటన్ లేదా నోవై వైపే చూసుకోవడం మేలు.

డబ్బుకు తగ్గ విలువ డెట్రాయిట్ పబ్లిక్ లైబ్రరీలోని జాతీయ ఆటోమోటివ్ చరిత్ర సేకరణలో ఉంది. ముందే ఫోన్ చేసి, తయారీదారు పేరు, ఏళ్ల పరిధి చెప్పండి. పాత ప్రచార ఫోటోల వెనక తేదీ ఉంటే దాన్ని కూడా ఫోటో తీసుకోండి, ముందువైపు ఎంత అందంగా ఉన్నా వాదన తేల్చేది వెనకవైపే.

అసలు డియోరాను మ్యూజియంలో చూడటానికి లాస్ ఏంజెలెస్ టికెట్ కొనే ఆలోచన ఉంటే ఆగండి. 2009 వేలంలో అది 3,24,500 డాలర్లకు అమ్ముడైంది. కాబట్టి ప్రదర్శనలో ఉందని మ్యూజియం నుంచి మెయిల్ వచ్చాకే బయల్దేరండి.