విపశ్యన పది రోజుల శిబిరం: ఏడాది గడిచాక నా సమీక్ష

విపశ్యన ధ్యాన శిబిరం నుంచి తిరిగి వచ్చి ఏడాది దాటింది. వచ్చిన వారంలోనే ఈ సమీక్ష రాసి ఉంటే మొదటి నుంచి చివరి వరకు ప్రశంసలే ఉండేవి, ఎందుకంటే ఆ వారమంతా మనసు వాన వెలిసిన ఆకాశంలా తేటగా ఉంది. ఆ తేటదనం నెల తిరగకముందే పలచబడింది. అది పోయాక కూడా నాలో నిలిచిందేమిటో చూసుకున్న తర్వాత రాస్తేనే చదివేవారికి ఉపయోగమని ఇంతకాలం ఆగాను.

నేను వెళ్లేనాటికి అమ్మ పోయి ఐదు నెలలు. ఆమె మంచాన ఉన్న రెండేళ్లలో వైద్యం ఖర్చుల దగ్గర నాకూ అన్నయ్యకూ మధ్య మొదలైన మాటపట్టింపు, ఆమె పోయాక ఇంటి పంపకం దగ్గరికి వచ్చేసరికి మాటలే లేని స్థితికి చేరింది. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చేది. అన్నయ్యతో అనలేకపోయిన మాటలన్నీ మనసులోనే అనుకుంటూ తెల్లవార్చేదాన్ని. పూజలో కూర్చున్నా అవే మాటలు తిరిగేవి. దుఃఖం కన్నా ఆ కోపమే నన్ను ఎక్కువగా తినేసిందని ఇప్పుడు తెలుస్తోంది.

ఈ శిబిరాల్లో నేర్పేది బర్మాలో గురుపరంపరగా నిలిచిన ధ్యాన పద్ధతి. స్వతంత్ర బర్మాకు తొలి అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన సయాజీ ఊ బా ఖిన్ దగ్గర, తీవ్రమైన మైగ్రేన్ తలనొప్పితో బాధపడుతున్న వ్యాపారి సత్యనారాయణ గోయెంకా 1955లో దీన్ని నేర్చుకున్నారు. ఆయన 1969లో భారతదేశానికి వచ్చి శిబిరాలు మొదలుపెట్టారు. 2013లో ఆయన కన్నుమూశారు. అయినా నేటికీ బోధన, సాయంత్రపు ప్రవచనం రికార్డు చేసిన ఆయన గొంతుతోనో వాటి అనువాదాలతోనో నడుస్తాయి. ఎదురుగా కూర్చునే సహాయక ఆచార్యులు సందేహాలు తీరుస్తారు. శిబిరానికి రుసుము లేదు. కనీసం ఒక శిబిరం పూర్తి చేసిన వారి నుంచే విరాళం తీసుకుంటారు కాబట్టి, మొదటిసారి వెళ్లినవారి భోజన వసతుల ఖర్చును ముందు వచ్చి వెళ్లిన ఎవరో భరించి ఉంటారు. మనకు తెలియని ఒకరు మన కోసం ముందే ఇచ్చి వెళ్లారన్న ఆ భావనే, ఎవరికెంత వాటా అని లెక్కలు వేసుకుంటూ వెళ్లిన నన్ను మొదటి రోజే కొంత మెత్తబరిచింది.

దినచర్య కఠినం. తెల్లవారుజామున నాలుగింటికి గంట మోగుతుంది, నాలుగున్నరకు ధ్యానం మొదలవుతుంది, రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆరుతాయి. మధ్యలో దాదాపు పది గంటలు కళ్లు మూసుకుని కూర్చోవడమే పని. ఫోను, పుస్తకం, కలం ఏవీ ఉండవు. పదో రోజు ఉదయం వరకు తోటి సాధకులతో మాటే కాదు, సైగ కూడా చేయకూడదు. మౌనం కష్టమని అందరూ భయపడతారు కానీ నాకు అదే ఊరటనిచ్చింది. ఐదు నెలలుగా ఎవరు పలకరించినా అమ్మ గురించే చెప్పవలసి వచ్చిన నాకు, ఎవరూ ఏమీ అడగని చోటు అప్పుడు నిజంగా అవసరమైంది.

మొదటి మూడు రోజులు ఆనాపానం, అంటే ముక్కుపుటాల దగ్గర సహజంగా వచ్చిపోయే శ్వాసను ఊరికే గమనించడం. నాలుగో రోజు అసలు విపశ్యన మొదలవుతుంది. తల నుంచి పాదాల వరకు ఒక్కో భాగాన్నీ దాటుతూ అక్కడి సంవేదనలను గమనించాలి. సుఖమైనది ఉండిపోవాలని కోరకుండా, బాధాకరమైనది పోవాలని తొందరపడకుండా, అనిచ్చ, అంటే ఇది మారిపోయేదే, అన్న ఎరుకతో చూడాలి. అప్పటి నుంచి రోజుకు మూడుసార్లు, ఒక్కో గంట, కాళ్లూ చేతులూ కదపకుండా, కళ్లు తెరవకుండా కూర్చోవడం అధిష్ఠానం.

ఐదో రోజు మధ్యాహ్నపు అధిష్ఠానంలో నలభై నిమిషాలు గడిచేసరికి నా కుడి మోకాలు భరించలేనంతగా నొప్పి పెట్టింది. చెప్పినట్లే ఆ నొప్పిలోకి చూశాను. నొప్పి అనుకున్నది నిజానికి ఒక్కటి కాదు: చిప్ప కింద మంట, పక్కన నాడిలా కొట్టుకోవడం, తొడ వైపు బిగుతు, వీటన్నిటి మీదా 'ఇక నా వల్ల కాదు' అనే ఒక మాట. ఆ మాట ఆగిన కొన్ని క్షణాలు మంట మంటగానే ఉంది, నేను మాత్రం దానితో పోట్లాడటం లేదు. సరిగ్గా అప్పుడే అన్నయ్య గుర్తుకు వచ్చాడు; కోపం ఆలోచనగా కాక, గొంతు కింద అరచేతి మందాన వేడిగా తెలిసింది. అన్ని నెలలుగా నన్ను నిద్రపోనివ్వనిది అంత చిన్న జాగాలో ఉందని నాకు అంతవరకు తెలియదు. అది కూడా కాసేపటికి చల్లబడింది, మళ్లీ వచ్చింది, మళ్లీ చల్లబడింది. వెనుక వరుసలో ఎవరో ఆవిడ వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. నా కళ్ల వెంట కూడా నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు.

ఈ శిబిరం అందరికీ సరిపడుతుందని నేను చెప్పను. తీవ్రమైన మానసిక రుగ్మతలు ఉన్నవారికి ఇది తగదని నిర్వాహకులే చెబుతారు, దరఖాస్తులోనే ఆరోగ్య వివరాలు అడుగుతారు. దయచేసి అక్కడ ఏదీ దాచవద్దు, మందులు వాడుతున్నవారు వైద్యుణ్ని అడగకుండా బయలుదేరవద్దు. ఇది చికిత్సకు బదులు కాదు. ఆచార్యులతో మాట్లాడే సమయం కొద్ది నిమిషాలే, అదీ పద్ధతి గురించే. కాబట్టి తమ కథ ఎవరైనా ఓపికగా వినాలని కోరుకునేవారికి మంచి కౌన్సెలర్ దగ్గర దొరికేది ఇక్కడ దొరకదు. ఇది ఏ మతానికీ చెందదని చెప్పినా పాళీ గాథలు, బుద్ధుని బోధ, కర్మ సిద్ధాంతం ప్రవచనాల్లో నిండుగా ఉంటాయి, జపం, ప్రార్థన, పూజ ఆ పది రోజులూ పక్కన పెట్టాలి. భక్తిలోనే బలం పొందేవారికి ఇది చిన్న త్యాగం కాదు. నాకూ అది చిన్నదిగా అనిపించలేదు. కాకపోతే తిరిగి వచ్చాక నా పూజ మునుపటి కన్నా నిశ్చలంగా సాగుతోంది.

పదో రోజు మైత్రీ భావన నేర్పుతారు. సకల ప్రాణులకూ మేలు కలగాలని తలచుకోవాలి. ఆ రోజు అన్నయ్యకు మేలు కోరలేకపోయాను. ప్రయత్నించాను, మాట వచ్చింది, మనసు రాలేదు. ఆ సంగతి ఇక్కడ దాచదలచుకోలేదు, ఎందుకంటే పది రోజుల్లో మనసు మారిపోతుందన్న ఆశతో వెళ్లేవారు, అలా మారకపోతే దాన్ని తమ వైఫల్యంగా తలచి కుంగిపోయే ప్రమాదం ఉంది.

రోజూ ఉదయం సాయంత్రం ఒక్కో గంట కూర్చోమని అక్కడ చెప్పి పంపుతారు. ఉదయం నలభై నిమిషాలు ఇప్పటికీ నిలబెట్టుకున్నాను, సాయంత్రపు గంట మాత్రం కుదరలేదు. అమ్మ లేని లోటు తగ్గలేదు, అది తగ్గాలని ఇప్పుడు కోరడమూ లేదు. శిబిరమైన ఆరు నెలలకు పత్రాల విషయమై అన్నయ్య ఫోన్ చేసి పాత మాటే మళ్లీ అన్నాడు. గొంతు కింద ఆ వేడి తెలిసింది. "అరగంటలో నేనే చేస్తాను అన్నయ్యా" అని పెట్టేసి, కుర్చీలో కూర్చుని అది చల్లబడే వరకు చూశాను. తర్వాత ఫోన్ చేసినప్పుడు మేము మొదట మాట్లాడుకున్నది ఇంటి గురించి కాదు, అమ్మ సంవత్సరీకం గురించి.