మోకాలి సూదులు: కొన్నేళ్లుగా వేయించుకున్నాక నా మాట

మోకాలి కీలులోకి వేసే స్టెరాయిడ్ సూది నాకు పనిచేసింది. అది ఏం చేస్తుందో, ఏం చేయలేదో తెలుసుకుని వేయించుకుంటేనే మేలు.

మాది కడప. వైవీ స్ట్రీట్ దగ్గర కుట్టుపని. రోజంతా మిషన్ తొక్కుడు, ఇంటికొచ్చాక బండల మీద కూర్చుని కూరగాయలు తరుగుడు. యాభై దాటినాక కుడి మోకాలు పట్టేసింది. కూర్చుంటే లేవలేను, లేచినా కాసేపటిదాకా కాలు కుదురుకోదు. ఎక్స్‌రే చూసి కీలు అరుగుదల మూడో గ్రేడ్ అన్నారు. మన వాళ్లు ‘గుజ్జు అరిగింది’ అనేది దీన్నే. ఎముకల చివర్లకు ఉండే మృదులాస్థి అరుగుతుంది, కీలు లోపలి పొర వాస్తుంది, నీరు పడుతుంది. సూది తగ్గించేది ఆ వాపును. అరిగిపోయింది తిరిగి రాదు.

నాకు వేసింది ట్రైయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్, 40 మిల్లీగ్రాములు. ముందు మోకాల్లో చేరిన నీళ్లు సిరంజితో లాగి, తర్వాత మందు ఎక్కించినారు. భయపడినంత నొప్పి లేదు. ఆ రాత్రి మాత్రం మోకాలు సలిపింది. అట్లా ఒకటి రెండు రోజులు ఉండొచ్చని, ఐసు పెట్టుకోమని ముందే చెప్పినారు. ఆ తర్వాత వాపు దిగి, రాత్రిళ్లు నిద్ర పట్టింది. ఎన్నాళ్లకో పట్టిన నిద్ర అది. ఈ సుఖం కొందరికి కొన్ని వారాలే ఉంటుంది, కొందరికి మూడు నెలల దాకా ఉంటుంది. నాకు రెండు నెలలు దాటితే గొప్ప.

షుగర్ ఉన్నవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. సూది తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. నాకు 250 దాటింది. అందుకే సూదికి ముందే డాక్టరుతో మాట్లాడి, ఆ వారమంతా ఇంట్లోనే షుగర్ మిషన్‌తో చూసుకుంటాను.

‘వదినా, సూది ఏపిచ్చుకున్నావంట, నొప్పి పోయెనా? నేనూ నెలనెలా ఏపిచ్చుకుందునా?’ అని పక్కింటామె అడిగింది. వద్దమ్మా అన్నాను. ఒకే మోకాలికి కనీసం మూడు నెలల ఎడం ఉండాలంటారు. ఆ ఎడం పాటించి వేసినా చిక్కు లేకపోలేదు. 2017లో అమెరికాలో 140 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చినాయి. కొందరికి మూడు నెలలకోసారి ఇదే మందు, మిగతావాళ్లకు ఉత్త ఉప్పునీరు, రెండేళ్ల పాటు వేసినారు. చివరికి నొప్పిలో తేడా లేదు, మందు వేసినవాళ్లకు మృదులాస్థి మాత్రం ఎక్కువ పలచబడింది. అది తెలిసినాక నొప్పి తిరగబెట్టగానే పరుగెత్తడం మానేసినాను. బాగా వాచి, నీరు పట్టినప్పుడే వెళతాను.

నా దృష్టిలో సూది విలువంతా అది ఇచ్చే ఆ రెండు నెలల్లోనే ఉంది. నొప్పితో ఉన్నప్పుడు వ్యాయామం చేయమంటే ఎవరు చేయగలరు? నొప్పి తగ్గినప్పుడే తొడ కండను బలపరచుకోవాలి. వెల్లకిలా పడుకుని కాలు నిటారుగా ఎత్తి నిలపడం, మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి అదిమి పట్టడం ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది. పొద్దున, రాత్రి మానకుండా చేస్తున్నాను. మిషన్‌కు మోటారు పెట్టించినాను, నేల మీద కూర్చోవడం మానినాను, ఇంట్లో కమోడ్ కట్టించుకున్నాను. 2020లో వచ్చిన ఇంకో అధ్యయనంలో 156 మందిని ఏడాది చూస్తే, సూది వేయించుకున్నవాళ్ల కంటే ఫిజియోథెరపీ చేసినవాళ్లే బాగున్నారు. నా అనుభవమూ ఆ పక్కనే ఉంది.

గుజ్జు సూది, అంటే హయాలురోనిక్ యాసిడ్, ఎడమ మోకాలికి వేయించుకున్నాను. ఖరీదు ఎక్కువ, నాకు తేడా ఏమీ తెలియలేదు. బాగుందనేవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ 2019లో అమెరికా కీళ్లవాత వైద్యుల సంఘం మోకాలికి దీన్ని వాడకపోవడం వైపే మొగ్గింది. మన రక్తమే తీసి, అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువుండే భాగాన్ని వేరుచేసి మోకాల్లోకి ఎక్కించే పీఆర్‌పీ అయితే ‘గుజ్జు మళ్లా పుడుతుంది’ అని ఒకచోట గ్యారంటీ ఇచ్చినారు. నేను ఒప్పుకోలేదు. 2021లో ఆస్ట్రేలియాలో 288 మంది మీద చేసిన పరీక్షలో ఏడాదికి అది ఉప్పునీటి కంటే మెరుగని తేలలేదు. అప్పు చేసి అటు పోయేవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

పల్లెల్లో ఆర్‌ఎంపీలు నడుముకు వేసే సూది వేరు, ఇది వేరు. ఏ మందు, ఎంత అని చీటీ మీద రాయించుకోండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. సూది తర్వాత జ్వరం వచ్చినా, మోకాలు ఎర్రగా వేడెక్కి కాలు మోపలేకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. కీలులో చీము పట్టడం అరుదే, పట్టిందంటే కీలునే తినేస్తుంది.

ఇప్పుడు నా కుడి మోకాలికి కీలు మార్పిడి ఆపరేషన్ మాట వచ్చింది. సూది వేసిన మూడు నెలల్లోపు ఆపరేషన్ చేస్తే చీము పట్టే ప్రమాదం ఎక్కువట, అందుకని ఆ కాలికి సూదులు ఆపేసినారు. ఎడమ కాలికి వ్యాయామంతోనే లాక్కొస్తున్నాను.