జాగ్రత్త: ఆ బడిలో ఫీజు కట్టే ముందు ఒక డైరీ పేజీ సంగతి వినండి

మా కాలనీ చుట్టుపక్కల ఉండేవారికి నేను ఏ బడి గురించి రాస్తున్నానో పేరు చెప్పకుండానే తెలిసిపోతుంది కాబట్టి పేరు రాయడం లేదు. వచ్చే ఏడాది ప్రవేశాల కోసం ఇప్పటి నుంచే ఆ గేటు ముందు దరఖాస్తు ఫారాలు పట్టుకుని నిలబడుతున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. మొన్న వేసవిలో నేనూ అలాగే నిలబడ్డాను. ప్రవేశ రుసుము 15 వేలు, మొదటి టర్ము ఫీజు 40 వేలు, వాళ్ళ కౌంటరులోనే కొనితీరవలసిన పుస్తకాలకు, యూనిఫారాలకు, బూట్లకు కలిపి 14 వేలు, వెరసి 69 వేల రూపాయలు కట్టి, ఎనిమిదేళ్ళు నిండని కొడుకును మూడో తరగతిలో చేర్చి, అయిదు నెలలు తిరగకుండానే ఇంటికి తెచ్చుకున్నాను.

చేర్చడానికి వెళ్ళిన రోజున నేను అడిగిన మొదటి ప్రశ్న "మీ దగ్గర డిసిప్లిన్ ఎలా ఉంటుంది?" అన్నదే. ఆ మాట నా నోట ఎవరూ పలికించలేదు. పీఆర్వో గారు నన్ను మొదటి అంతస్తు వరండా వెంట, తలుపులు బార్లా తెరిచి ఉన్న ఆరు తరగతి గదుల ముందు నుంచి నడిపించుకుని వెళ్ళినప్పుడు ఒక్క పిల్లవాడి గొంతు కూడా వినిపించలేదు, ఆ నిశ్శబ్దానికి నేను ముచ్చటపడ్డాను కూడా. "మా క్యాంపస్‌లో బెత్తమన్నది కంటికి కనపడదు సార్" అని ఆయన చెప్పారు. ఆయన అబద్ధమాడలేదు, బెత్తం నిజంగానే లేదు. గోడకుర్చీ వేయించడానికి బెత్తంతో పనేముంది, మోకాళ్ళ మీద నిలబెట్టడానికి మాత్రం ఏం పని? నలభై మంది పసిపిల్లలు ఒక గదిలో ఉండి కిక్కురుమనడం లేదంటే అక్కడ ఏదో తేడా ఉందని అనుమానించవలసినవాణ్ణి, దానికే డబ్బు కట్టి రసీదు తీసుకుని, పైగా నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను.

ఆగస్టు నుంచి వాడి నీళ్ళ సీసా పొద్దున నింపింది నింపినట్టే సాయంత్రం తిరిగి వచ్చేది. నీళ్ళు తాగకపోతే జబ్బు చేస్తుందని నేను వారం రోజుల పాటు వరుసగా కోప్పడ్డాను, ఒకరోజు ఆ సీసా మొత్తం నా ఎదుట నిలబెట్టి తాగించాను కూడా. వాడు తల వంచుకుని విన్నాడే తప్ప కారణం చెప్పలేదు. కారణం తెలుసుకున్నది మా అమ్మ. స్నానం చేయిస్తూ మోకాళ్ళ మీద కమిలిన మచ్చలు చూసి, బుజ్జగించి అడిగితే నానమ్మకు చెప్పాడు. పీరియడు మధ్యలో బాత్రూముకు వెళతానని అడిగినవాళ్ళను క్లాస్ టీచరు మోకాళ్ళ మీద నిలబెడతారట, నీళ్ళు తాగడమే మానేస్తే అడగవలసిన అవసరం రాదని వాడు తనంతట తానే ఉపాయం కనిపెట్టుకున్నాడు. లెక్కల్లో వెనకబడి ఉన్నాడని డైరీలో అప్పటికే రెండుసార్లు రాశారు, ఈ లెక్క మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

అమ్మ చెప్పిన తరువాత కూడా నేను వెంటనే బడికి వెళ్ళలేదు. మేము గుంజీళ్ళు తీయలేదా, తొడపాశాలు తినలేదా, దండం దశగుణం భవేత్ అని పెద్దలు ఊరికే అన్నారా అని ఆమెకే ఎదురు చెప్పాను. నన్ను నేను క్షమించుకోలేనిది ఏదైనా ఉంటే ఆ నాలుగు రోజుల ఆలస్యమే.

గత గురువారం వాడు బస్సు దిగేసరికి నిక్కరు ఆరిపోయింది కానీ వాసన పోలేదు. మూడో పీరియడులో రెండుసార్లు అడిగాడట, మూడోసారి అడిగినందుకు తరగతి తలుపు బయట, చేతులు పైకెత్తించి, మోకాళ్ళ మీద నిలబెట్టారట. అక్కడే అయిపోయింది. ఆ తరువాత బట్టలు మార్చలేదు, ఇంటికి ఫోన్ చేయలేదు, బడి వదిలే దాకా చివరి బెంచీలో ఒక్కణ్ణీ కూర్చోబెట్టారు. టీచరుకు ఆ పూట ఏదో చిరాకు వచ్చి అలా చేశారని ఎవరైనా చెప్పి ఉంటే, ఇక్కడి వరకు నేను ఓర్చుకునేవాణ్ణేమో. కానీ డైరీ తెరిచాను. అందులో ఎర్ర సిరాతో, గుండ్రటి చేతివ్రాతతో ఇంగ్లీషులో రెండు వాక్యాలు ఉన్నాయి. అబ్బాయికి ఇంట్లో టాయిలెట్ అలవాట్లు నేర్పలేదని, తల్లిదండ్రులు శ్రద్ధ తీసుకోవాలని వాటి తాత్పర్యం. దాని కింద నా సంతకం కోసం ఒక గీత గీసి, గీత చివర చిన్న గుర్తు కూడా పెట్టారు. ఆ డైరీని పిల్లవాడి సంచిలోనే పెట్టి పంపారు, వాడికి ఇంగ్లీషు చదవడం వచ్చు, బస్సులోనే చదువుకున్నాడు. ఆ ఇంగ్లీషు కోసమే కదా నేను అక్కడ చేర్చింది!

మరునాడు నన్ను గంటన్నర సేపు రిసెప్షన్‌లో కూర్చోబెట్టి అప్పుడు లోపలికి పిలిచారు. నేను చెప్పిందంతా ప్రిన్సిపల్ గారు చాలా మర్యాదగా విన్నారు. ఒక్కరికి అనుమతిస్తే నలభై మందీ లేచి నిలబడతారని, చిన్నప్పుడే అలవాటు చేయకపోతే మొక్కై వంగనిది మానై వంగదని చెప్పి, ఫైలు తెప్పించి, అందులో నుంచి నా ప్రవేశ దరఖాస్తు తీసి, నాకు చదవడానికి వీలుగా నా వైపు తిప్పి పెట్టారు. "స్ట్రిక్టుగా ఉండాలని మీరే అడిగారట కదా సార్" అన్నారు. పీఆర్వోతో నేను అన్న మాట ఆ ఫైలులో ఎలా చేరిందో ఆలోచిస్తుండగానే, బడి తీసుకునే క్రమశిక్షణ చర్యలకు అభ్యంతరం చెప్పబోమన్న షరతు మీద వేలు పెట్టి, "ఇది మీ సంతకమేనా?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు. బయట బెంచీ మీద నా కొడుకు కూర్చుని ఉన్నాడు, తలుపు సగం తెరిచి ఉంది. "అవును మేడం, నాదే" అన్నాను. తప్పు చేసి దొరికిపోయిన విద్యార్థిలా చేతులు కట్టుకుని మరీ అన్నాను.

నా సంతకం చట్టాన్ని రద్దు చేయలేదన్న సంగతి ఆ గదిలో నాకు తట్టలేదు, ఆ రాత్రి ఫోన్‌లో వెతుక్కుంటే తెలిసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలకు శారీరక శిక్షను, మానసిక వేధింపును రెండింటినీ నిషేధించింది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలయితే మోకాళ్ళ మీద నిలబెట్టడాన్ని, మన గోడకుర్చీని కూడా శారీరక శిక్షల కిందనే లెక్కగట్టాయి. అయితే ఉల్లంఘించినవారిపై సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలని మాత్రమే ఆ సెక్షన్ చెబుతుంది, ప్రైవేటు బడిలో ఆ చర్య తీసుకోవలసినవారు నా దరఖాస్తును నా ముందు తిప్పి పెట్టినవారే. ఇంకాస్త పదునైనది 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవారు క్రూరంగా ప్రవర్తిస్తే 5 ఏళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష, 5 లక్షల వరకు జరిమానా ఉన్నాయి.

తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో విషయం పెట్టగానే ఒకాయన "అంత గారాబమైతే ఇంట్లోనే చదివించుకోవచ్చు కదండీ" అన్నారు, స్ట్రిక్టుగా ఉంటేనే ర్యాంకులు వస్తాయని ఇంకొకరు అన్నారు, ఆ మాటకు పదకొండు బొటనవేళ్ళు లేచాయి. అరగంట తరువాత ఒక తల్లి నాకు విడిగా మెసేజ్ పెట్టారు. వాళ్ళ అమ్మాయి సీసా కూడా నిండుగానే తిరిగి వస్తోందట, ఎండ తక్కువగా ఉండి దాహం వేయడం లేదేమో అనుకున్నారట. గ్రూపులో మాత్రం ఆవిడ ఏమీ రాయలేదు, ఆవిడను తప్పుపట్టే అర్హత నాకు లేదు. హోంవర్కు చేయకపోతే మళ్ళీ రాయించినా, అల్లరి చేస్తే చోటు మార్చినా, ఇంటర్వెల్‌లో అయిదు నిమిషాలు కోత పెట్టినా నేను ఆ టీచరు పక్షానే మాట్లాడేవాణ్ణి. నలభై మందిని సహాయకులెవరూ లేకుండా రోజంతా అదుపులో పెట్టడం ఎంత కష్టమో, ఇద్దరు పిల్లలు పుట్టినరోజుకు ఇంటికి వస్తేనే నాకు తెలుస్తుంది. మూత్రానికి వెళ్ళనివ్వకపోవడాన్ని మాత్రం క్రమశిక్షణ అని పిలవడానికి నేను ఒప్పుకోను.

ఇక డబ్బు సంగతి. కట్టినది తిరిగి రాదన్నారు, అది ఊహించిందే. టీసీ కావాలంటే మిగిలిన రెండు టర్ముల 52 వేలు కూడా కట్టాలన్నారు, అది ఊహించలేదు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు మారే పిల్లలకు టీసీ వెంటనే ఇవ్వాలని, అది ఆలస్యమైందని ఆ బడులు చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టంలోని 5వ సెక్షన్‌లో ఉంది. మరో ప్రైవేటు బడికి మారేవారికి ఆ వెసులుబాటు అందులో లేదు. సోమవారం మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ముద్ర వేయించుకున్న నకలు తెచ్చుకున్నాను.

ఫారం మీద సంతకం చేసే ముందు షరతులన్నీ చదవండి. బడి చూడడానికి వెళితే ఇంటర్వెల్ సమయంలో వెళ్ళండి, పిల్లలు నీళ్ళ దగ్గరకు, బాత్రూముల దగ్గరకు ఎలా వెళుతున్నారో చూడండి. ఇప్పటికే చేర్చినవారు ఈ సాయంత్రం సీసా ఎత్తి చూడండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది, నాలా నాలుగు రోజులు ఆగకండి.

ఈ ఉదయం బడి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, టీసీ మాట మాట్లాడాలంటే ముందుగా ఐడీ కార్డు, డైరీ తిరిగి అప్పగించాలట. ఐడీ కార్డు పంపిస్తానని చెప్పాను.