అమీర్‌పేట గురుద్వారా లంగర్ (సిక్కులు అందరికీ పెట్టే ఉచిత భోజనం): అయిదుకి అయిదు

తలకు రుమాలు కట్టుకుని లోపలికెళ్తే చాలు, కులమేంటి మతమేంటి అని అడిగేవాళ్లే లేరు, కింద వరుసలో కూర్చోబెట్టి వేడి రోటీ, దాల్ వడ్డిస్తారు, పైసా తీసుకోరు. రోటీ రెండు చేతులతో అందుకోవాలట. నేను తెలీక ఒక చెయ్యి చాపితే పక్కనున్న సర్దార్‌జీ నవ్వుతూ తెలుగులోనే చెప్పారు (మా అపార్ట్‌మెంట్ పిల్లల కంటే ఆయన తెలుగే నయం). అవును మరి, 1832లో నిజాం రాజ్యానికి లాహోర్ ఫౌజ్ (సిక్కు సైనికుల దళం) వచ్చినప్పటి నుంచీ సిక్కులు ఇక్కడివాళ్లే. రాజ్యాంగం 25వ అధికరణ కృపాణ్ (సిక్కుల చిన్న కత్తి) ధరించే హక్కిస్తూనే ఆలయ ప్రవేశం విషయంలో వాళ్లని హిందువుల్లో కలిపింది, 1993లో కేంద్రం మైనారిటీగా నోటిఫై చేసింది, ఈ మెలిక మన నాయకుల్లో ఎందరికి తెలుసో! ఎన్నికలప్పుడు తలపాగాతో ఫొటో దిగడం మాత్రం అందరికీ వచ్చు. ఖీర్ రెండోసారి అడిగినా పెట్టారు. తిన్నాక గిన్నెలు కడిగే సేవలో ఓ చెయ్యి వెయ్యండి.